స్టీరింగ్‌లో బెత్తెడు ప్లే: పాత జీపు కొనేముందు చదవాల్సిన చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ పాత జీపు గురించి, అందులోనూ దాని స్టీరింగ్ గురించి. విషయం చక్రాయపేటలో ఉంది కానీ, అక్కడికి వెళ్లేముందు ఒకసారి లండన్, ఢిల్లీ తిరిగి వద్దాం.

స్వతంత్రం వచ్చాక మన దేశంలో బయటపడ్డ మొదటి పెద్ద కుంభకోణం అని దేన్ని చెప్పుకుంటారో తెలుసా? బొగ్గు కాదు, ఫిరంగులు కాదు. జీపులు! 1947 చివర్లో కాశ్మీర్‌లో యుద్ధం మొదలైంది. కొండదారుల్లో తిరగడానికి సైన్యానికి జీపులు అర్జెంటుగా కావాలి. 1948లో లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్ మామూలు పద్ధతులు పక్కనపెట్టి, ఒక విదేశీ కంపెనీతో సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. కొత్త బండ్లు కాదు, వాడేసి మళ్లీ బాగుచేసినవి. డబ్బులో చాలా భాగం ముందే కట్టేశారు. చివరికి దిగినవి 155 బండ్లు. అవి కూడా పనికొచ్చే స్థితిలో లేవని పార్లమెంటులో పెద్ద గొడవైంది.

దీని మీద వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు ఎవరో కాదు, మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్. తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన ఆయనే. న్యాయ విచారణ జరగాలని ఆ సంఘం సూచించింది. 1955 సెప్టెంబరు 30న హోంమంత్రి గోవింద వల్లభ పంత్, ప్రభుత్వం తరఫున ఈ వ్యవహారం ముగిసిపోయిందని ప్రకటించేశారు. 1956 ఫిబ్రవరిలో మీనన్ కేంద్ర మంత్రివర్గంలోకి వచ్చారు. ఆయన డబ్బు తిన్నారని ఎవరూ నిరూపించలేదు, నేనూ అనడం లేదు. నాకు ఇందులో కనిపించేది వేరే. బండిని కదిలించి చూడకుండా డబ్బు కట్టారు. మన పల్లెల్లో ఎద్దును కొనేవాడు కూడా ముందు పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు, ఆ తర్వాతే దళారితో గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెడతాడు.

సరే, చక్రాయపేటకి వద్దాం. మా మేనమామది అక్కడే. వేంపల్లె నుంచి గండి మీదుగా రాయచోటి వైపు పోయే దారిలో వస్తుంది. గండి అంటే పాపాఘ్ని నది కొండను చీల్చుకుని బయటకొచ్చే చోటు, వీరాంజనేయ స్వామి గుడి ఉంది కదా, అదే. మామకి చీనీ తోట ఉంది. తోట కాడికి పోయే దారిలో వంక ఒకటి అడ్డం. వానొస్తే ట్రాక్టర్ తప్ప ఏదీ దాటదు. ట్రాక్టర్ మీద మనవళ్లని ఎక్కించుకుని తిరగడం అత్తకి ఇష్టం లేదు. అందుకని మామకి ఒక ఫోర్‌వీల్ జీపు కావాలి. జమ్మలమడుగు వైపు ఒక పాత 3బీ జీపు అమ్మకానికి ఉందని తెలిసింది. అడిగిన రేటు 2 లక్షల 10 వేలు. అమ్మే ఆయన నిజాయితీగానే ఒక మాట ముందే చెప్పినాడు: "స్టీరింగ్ కొంచెం ఆడతాది సామీ. బాక్స్ ఒక్కటి మార్చుకుంటే సుబ్బరంగా ఉంటాది."

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క వాక్యం మీదే. ఎందుకంటే పాత జీపు స్టీరింగ్ ఆడుతోందంటే, దాని వెనక కనీసం నలుగురు ఓనర్ల చరిత్ర ఉంటుంది. మేం సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే కోడ్‌లో ఆ లైన్ ఎవరు ఎప్పుడు మార్చారో వెనక్కి వెళ్లి చూస్తాం. దానికి గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ కూడా ఉంది. జీపుకి అలాంటి కమాండ్ లేదు. కింద పడుకుని చూడాలి.

అసలు ఈ బండి ఎలా పుట్టింది? 1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఉత్తరాలు రాసింది. తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, మొదటి నమూనా బండి 49 రోజుల్లో చేతికి రావాలి. స్పందించినవి రెండే: పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే చిన్న ఊరి అమెరికన్ బాంటమ్, ఇంకోటి విల్లీస్ ఓవర్‌ల్యాండ్. బాంటమ్ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో డ్రాయింగులు గీశాడు. సెప్టెంబరు 23న, గడువు అయిపోవడానికి అరగంట ముందు బండిని సైన్యానికి అప్పజెప్పారు. ఇంత తొందరలో చేసే బండికి ప్రతి భాగాన్నీ కొత్తగా తయారుచేయరు కదా. ఇరుసులు ఒకరి దగ్గర, స్టీరింగ్ బాక్స్ ఇంకొకరి దగ్గర, దొరికినవి తెచ్చి బిగించారు. తర్వాత పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ పోయింది. యుద్ధం ముగిసేలోపు ఇద్దరూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశారు. పాపం బాంటమ్‌కి మిగిలింది ఎక్కువగా ట్రైలర్ల పని.

ఆ యుద్ధకాలం జీపులన్నీ ఎడమ చేతి వైపు స్టీరింగ్ ఉన్నవే. యుద్ధం తర్వాత మిగిలిపోయిన వాటిని మన దేశంలో అమ్మేశారు. కొన్నవాళ్లలో చాలామంది స్టీరింగ్‌ని కుడి వైపుకి మార్పించుకున్నారు. అందుకే ఎవరైనా "ఇది ఒరిజినల్ వార్ జీపు" అని మీకు చూపిస్తే, ముందు ఎడమ వైపు చాసిస్ రైలు మీద స్టీరింగ్ బాక్స్ బోల్టుల పాత రంధ్రాలు వెతకండి. స్టీరింగ్ కుడికి మారినా ఆ రంధ్రాలు పూడ్చిన గుర్తులైనా ఉండాలి. అవేవీ లేకపోతే కథ వేరే.

మహీంద్రా సంగతి చాలామందికి తెలిసిందే. కె.సి. మహీంద్రా యుద్ధకాలంలో అమెరికాలో ఇండియా సప్లై మిషన్‌కి అధిపతిగా పనిచేశారు. 1945 అక్టోబరు 2న అన్నదమ్ములిద్దరూ మాలిక్ గులాం ముహమ్మద్‌తో కలిసి మహీంద్రా అండ్ ముహమ్మద్ పెట్టారు. దేశ విభజనతో గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1949లో బొంబాయి మజగావ్‌లో విడిభాగాలు తెప్పించి విల్లీస్ జీపులు బిగించడం మొదలైంది. తర్వాత వచ్చిందే మన 3బీ. దాన్ని గుర్తుపట్టడం చాలా తేలిక, బానెట్ ఎత్తుగా ఉంటుంది. లోపల హరికేన్ ఇంజన్‌కి ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో పెట్టడంతో ఇంజన్ పొడుగైంది, దానికి తగ్గట్టు బానెట్ లేపారు. అమెరికాలో 1968లో ఆపేసినా మన దగ్గర ఆ రూపం ఇంకా చాలా ఏళ్లు నడిచింది.

మరి కడప జిల్లా పల్లెల్లోకి ఇది ఎలా వచ్చింది? అంతకుముందు అధికారి అంటే గుర్రం. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా సీడెడ్ జిల్లాల కలెక్టరుగా గుర్రం మీద, డేరాల్లోనే ఈ ప్రాంతమంతా తిరిగాడు. గండి దగ్గర కొండల మధ్య ఆయనకు బంగారు తోరణం కనిపించిందని ఇప్పటికీ కథ చెబుతారు. గుర్రం పోయి జీపు రావడానికి పెద్ద కారణం 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం. బ్లాకుకి ఒక అధికారి, ఆ అధికారికి ఒక జీపు. బీడీఓ ఎవరో ముఖం తెలియకపోయినా దుమ్ము లేపుకుంటూ జీపు వస్తే ఆయనే అని ఊరికి తెలిసేది. ఆ తర్వాత మలేరియా వాళ్ల జీపు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు యూనిసెఫ్ ఇచ్చిన జీపులు. 1985లో మండలాలు ఏర్పడే నాటికి జీపు అంటే గవర్నమెంటు అనే అర్థం జనంలో స్థిరపడిపోయింది.

కానీ గవర్నమెంటు బండి ఎప్పటికీ గవర్నమెంటు దగ్గరే ఉండదు కదా. కొన్నేళ్లకి కండెమ్ చేస్తారు, వేలం వేస్తారు. జీపుకి రెండో జన్మ అక్కడ మొదలవుతుంది. వేలంలో కొన్నాయన దాన్ని సర్వీసుకి తిప్పుతాడు, ఎనిమిది మంది పట్టే చోట పద్దెనిమిది మంది. ఇంకొకరు పులివెందుల వైపు ముగ్గురాయి గనులకి పెడతారు. ఎన్నికలొస్తే జెండా కట్టుకుని తిరుగుతుంది. ఆ మధ్యలో పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఎవరో ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ దించుతారు. మామ చూసిన బండి ఆర్‌సీలో మొదటి ఓనరు ఒక ప్రభుత్వ శాఖ. ఆ తర్వాత నాలుగు పేర్లు. ఇంధనం దగ్గర పెట్రోల్ కొట్టేసి డీజిల్ అని అధికారికంగానే ఎక్కించారు. ఇది మంచి విషయం. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పు ఆర్‌సీలోకి ఎక్కాలి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి కింద డీజిల్ ఇంజన్ ఉంటే, స్టీరింగ్ దాకా పోనక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు అసలు స్టీరింగ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఎద్దుల బండికి స్టీరింగ్ లేదు, ఎందుకు? రెండే చక్రాలు, ఒకే ఇరుసు. మలుపులో లోపలి ఎద్దును నిలేస్తే, బయటి ఎద్దు తిరుగుతుంది, బండి తిరిగిపోతుంది. నాలుగు చక్రాల బండితోనే ఇబ్బంది. యూరప్‌లో గుర్రబ్బగ్గీలకి ముందు ఇరుసు మొత్తం మధ్యలో ఒక మేకు మీద తిరిగేది. గట్టిగా మలిపితే బోల్తా పడేది. 1817లో మ్యూనిక్‌కి చెందిన బగ్గీల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇరుసు కదలదు, దాని రెండు చివర్లా చక్రాలు విడివిడిగా తిరుగుతాయి, లోపలి చక్రం కొంచెం ఎక్కువగా, బయటిది తక్కువగా. మరుసటి ఏడు లండన్‌లో దానికి పేటెంట్ తీసుకున్నది ఆయన ఏజెంటు రుడాల్ఫ్ అకర్‌మన్. కనిపెట్టినాయన పేరు పోయి ఏజెంటు పేరే నిలిచింది. ఇప్పటికీ మెకానికల్ పుస్తకాల్లో అకర్‌మన్ స్టీరింగే. దళారులు అక్కడా ఉన్నారన్నమాట.

జీపులో మీ చేయి నుంచి టైరు దాకా దారి ఇలా ఉంటుంది. స్టీరింగ్ వీల్, దాని రాడ్, కింద స్టీరింగ్ బాక్స్. బాక్స్ నుంచి ఒక చేయి కిందకి వేలాడుతుంది, అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దానికి డ్రాగ్ లింక్. ఇప్పుడు ముందుకీ వెనక్కీ జరిగే ఈ కదలికను పక్కలకి మార్చాలి. దానికి విల్లీస్ వాళ్లు ఛాసిస్ ముందు అడ్డకమ్మీ మధ్యలో బెల్ క్రాంక్ పెట్టారు. పాత బంగ్లాల్లో తాడు లాగితే వేరే గదిలో గంట మోగేది కదా, ఆ తీగ మూల తిరగడానికి పెట్టిన ముక్క నుంచి వచ్చిన పేరది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే కపిల బావి కప్పీ లాంటిది. ఎద్దులు ముందుకి లాగుతాయి, బాన పైకి లేస్తుంది. బెల్ క్రాంక్ నుంచి రెండు టై రాడ్లు, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. చక్రం దగ్గర కింగ్ పిన్లు, వాటి బేరింగులు. లెక్కపెట్టండి, ఎన్ని కీళ్లున్నాయో! ఒక్కో కీలులో అర మిల్లీమీటరు అరుగుదల ఉన్నా చాలు, వీల్ దగ్గరకి వచ్చేసరికి అదంతా కలిసి బెత్తెడు అవుతుంది.

మాకు దొరికిన మెకానిక్ అన్న వేంపల్లె వైపు మనిషి. పాత జీపులే ఆయన బతుకు. ఆయన చేసిన వరస చెబుతాను, ఎందుకంటే ఈ వరసలోనే తెలివి ఉంది.

బండిని నడపలేదు. ముందు ఇంజన్ ఆపి, చక్రాలు నేరుగా పెట్టించి, స్టీరింగ్ వీల్‌ని రెండు వేళ్లతో అటూఇటూ కదిపాడు. టైరు కదలడానికి ముందు వీల్ ఎంత తిరిగింది? నాలుగు వేళ్లు, అంటే సరిగ్గా బెత్తెడు. తర్వాత నన్ను వీల్ దగ్గర కూర్చోబెట్టి, "కొంచెం ఎడమ, కొంచెం కుడి, అట్లే ఆడిస్తా ఉండు" అని గోనెపట్ట పరుచుకుని కిందకి దూరినాడు. ఒక్కో కీలు మీద చేయి వేసి ఉంచుతాడు. ఒక వైపు కదిలి రెండో వైపు ఆలస్యంగా కదిలితే దొంగ ఆ కీలే. కంటికి కనపడని ప్లే కూడా చేతికి తెలుస్తుంది.

మొదటి ఆశ్చర్యం అక్కడే. నేను వీల్ కదిపిన వెంటనే బాక్స్ నుంచి వేలాడే చేయి కదులుతోంది. అంటే బాక్స్ లోపల అరుగుదల పెద్దగా లేదు. అమ్మే ఆయన చెప్పినట్టు బాక్స్ మార్చి ఉంటే డబ్బులు పోయేవి, ప్లే మాత్రం అట్లే ఉండేది. బాక్స్ మీద ఒక అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ఉంటుంది. చాలామంది ప్లే ఉందనగానే ముందు దాన్ని బిగిస్తారు. ఈ బాక్సుల్లో ఎక్కువ అరిగేది మధ్య భాగం, బండి ఎక్కువ సేపు నేరుగానే పోతుంది కాబట్టి. మధ్యలో ప్లే పోయేదాకా బిగిస్తే, పక్కకి తిప్పినప్పుడు పట్టేస్తుంది. మలుపు తిరిగాక వీల్ దానంతటది వెనక్కి రాదు. ఈ బండిలో ఆ స్క్రూ తల పూర్తిగా చెడిపోయి ఉంది. ఎంతమంది బిగించారో!

డ్రాగ్ లింక్ చివర కప్పులో స్ప్రింగ్ విరిగి ఉంది. బెల్ క్రాంక్ తిరగడానికి ముందు పైకీ కిందకీ ఊగుతోంది, లోపల పిన్ను కోడిగుడ్డు ఆకారంలోకి అరిగింది. దానికి గ్రీజు కొట్టే నిపుల్ ఉంది, కానీ పైన రంగు వేసేశారు. ఆ రంగు చూస్తే చాలు, గ్రీజు కొట్టి ఎన్నేళ్లయిందో చెప్పొచ్చు.

తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్ టక్‌మంది. ఇది వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్ పిన్ కావచ్చు. ఎలా తేల్చాలి? "మామని బ్రేక్ తొక్కమను" అన్నాడు. బ్రేక్ తొక్కితే చక్రం, డ్రమ్ము, హబ్బు అన్నీ ఒకటైపోతాయి. శబ్దం పోతే తప్పు బేరింగ్‌ది, ఉంటే కింగ్ పిన్‌ది. శబ్దం పోలేదు. నాకైతే ఇది చాలా అందమైన టెస్ట్ అనిపించింది. ఖర్చు సున్నా, జవాబు కచ్చితం.

కింగ్ పిన్ వదులైతే ఏమవుతుంది? ఒక స్పీడ్ దగ్గర, ఒక గుంతలో పడగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు కొట్టుకుంటాయి, వీల్ చేతిలో నిలవదు. దీనికీ చరిత్ర ఉంది. 1920లలో కార్లకి లావు గాలి టైర్లు, ముందు చక్రాలకి బ్రేకులు వచ్చాక ఈ జబ్బు ప్రపంచమంతా మొదలైంది. రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకి ఉంటే, ఒకదాని వణుకు రెండోదానికి పాకుతుంది. మారిస్ ఆలీ అనే ఇంజనీరు లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశాకే, 1934లో జనరల్ మోటార్స్ కార్లకి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే సస్పెన్షన్ వచ్చింది. జీపు మాత్రం ఆ గట్టి ఇరుసునే ఉంచుకుంది. గుంతల్లో బలం, రిపేరు తేలిక. అందుకని ఆ పాత జబ్బు కూడా దాంతోపాటే ఉండిపోయింది. కీళ్లన్నీ బిగువుగా ఉన్నంతకాలం నిద్రపోతుంది, అంతే.

పైగా ఈ బండికి అసలు ఉండాల్సిన సన్నటి 6.00-16 టైర్లు లేవు. ఎవరో చూడ్డానికి బాగుంటుందని వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేయించారు. చక్రం బయటికి జరిగిన కొద్దీ ప్రతి రాయి దెబ్బా కింగ్ పిన్‌ని గడ్డపారతో పెకిలించినట్టే.

ఇంకొకటి, వాలు. సైకిల్ ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలినా కొంచెం దూరం నేరుగా పోగలదు. జీపు కింగ్ పిన్లకి కూడా అలాంటి వాలు సుమారు 3 డిగ్రీలు ఉండాలి. బరువైన డీజిల్ ఇంజన్ దించాక ముందు భాగం కుంగింది. దాన్ని లేపడానికి ఎవరో కమాన్ కట్టలో ఒక పట్టీ అదనంగా వేశారు. వాలు సరిచేయడానికి కింద ఇనుప చీలికలు పెట్టారు. ఆలోచన మంచిదే, కానీ లావు వైపు ముందుకి ఉండాలో వెనక్కి ఉండాలో చూసుకోలేదు. తిరగేసి పెట్టారు. ఉన్న వాలు కూడా పోయింది. అందుకే బండి నేరుగా పోకుండా దారి మీద తాగినోడిలా తిరుగుతోంది. టైర్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి, ముందు ఎంత దూరం, వెనక ఎంత దూరం అని టేపుతో కొలిస్తే, ముందు వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాల్సినవి అర అంగుళం ఎడంగా ఉన్నాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బుతో పోయేవి. అసలు సంగతి చివర్లో బయటపడింది. అన్న మళ్లీ కిందకి పోయి, ఈసారి చేయి కీళ్ల మీద కాకుండా స్టీరింగ్ బాక్స్ మీదే పెట్టాడు. "గట్టిగా తిప్పు" అన్నాడు. తిప్పాను. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బాక్సే కదులుతాంది సామీ" అన్నాడు. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. మరి బాక్స్ ఎలా కదులుతుంది? గ్రీజు, నల్ల రంగు గీకితే కనిపించింది. బాక్స్ బిగించిన చోట చాసిస్ రైలు చీలింది. ఎప్పుడో ఒకసారి వెల్డింగ్ చేశారు, ఆ వెల్డింగ్ పక్కనే మళ్లీ చీలింది, సుమారు మూడు వేళ్ల పొడవు.

వెడల్పు టైర్లు, డీజిల్ ఇంజన్ వణుకు, గట్టి కమాన్లు, పద్దెనిమిది మంది బరువు, ఇవన్నీ వేర్వేరు ఓనర్లు వేర్వేరు ఏళ్లలో చేసినవి. ఎవరికి వాళ్లది చిన్న మార్పే. దెబ్బలన్నీ చేరింది మాత్రం ఆ ఒక్క చోటికే. బెల్ క్రాంక్ అరిగితే బండి కొంచెం ఆలస్యంగా మాట వింటుంది. బాక్స్ చాసిస్ నుంచి ఊడితే అసలు వినదు. మామ అడిగింది ఒక్కటే: "కడపకి గువ్వలచెరువు ఘాట్ మీద పిల్లోళ్లని ఏసుకుని పోవచ్చా?" అన్న తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడున్నట్ల అయితే నేను ఒక్కన్నే గూడా పోను."

అక్కడే బేరం మారిపోయింది. అమ్మే ఆయనని పిలిచి కింద పడుకోబెట్టి టార్చి వేసి చూపించాం. ఆయన ముఖం చూస్తే నిజంగానే తెలియదని అర్థమైంది. ఆయన కొన్నప్పుడే ఆ రంగు వేసి ఉందంట. అరగంట వాదన, రెండు టీలు. చివరికి లక్షా 45 వేలు. అది కూడా రిపేరు మాదే. నన్నడిగితే చీలిక ఉన్న బండిని వదిలేయమనేవాడిని, వదిలేయమనే చెప్పాను. కానీ చాసిస్ మిగతా భాగమంతా సుత్తితో తట్టి చూశాక అన్న ఒప్పుకున్నాడు, మామ ఆయన మాటే విన్నాడు.

రిపేరు ప్రొద్దుటూరులో జరిగింది, బండిని లారీలో ఎక్కించి తీసుకుపోయారు. నడిపి తీసుకురావడానికి అన్న ఒప్పుకోలేదు. చీలిక రెండు చివర్లా ముందు చిన్న రంధ్రం వేశారు. చీలిక మొన దగ్గరే ఒత్తిడంతా చేరుతుంది, అక్కడ గుండ్రటి రంధ్రం ఉంటే ముందుకి పాకడం ఆగుతుంది. తర్వాత పాత వెల్డింగ్ మొత్తం గ్రైండ్ చేసి, కొత్తగా వెల్డ్ చేసి, పైన పొడవాటి ప్లేటు వేసి, ప్లేటు చివర్లు నిలువుగా కాకుండా ఏటవాలుగా కోశారు. నిలువు గీత మీద వెల్డ్ చేస్తే మళ్లీ అక్కడే తెగుతుందట. బెల్ క్రాంక్‌కి పిన్ను, బుష్షులు లేత్‌లో కొత్తవి. డ్రాగ్ లింక్ స్ప్రింగు, రెండు టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బేరింగులు మార్చి, వాటి కింద షిమ్ములు ఒక్కొక్కటే తీస్తూ స్ప్రింగ్ త్రాసుతో చక్రాన్ని లాగి బిగువు చూశారు. చీలికలు తిప్పి పెట్టారు. బాక్స్ విప్పి శుభ్రం చేసి ఆయిల్ పోశారు, మార్చలేదు.

ఇప్పుడు వీల్‌లో ప్లే రెండు వేళ్లకి కొంచెం తక్కువ. ఇంత పాత బండికి ఇది మంచి లెక్కే, కారులో లాగా సున్నా రాదు, రావాలని బిగించకూడదు కూడా. గండి రోడ్డు మీద 50 స్పీడులో వేళ్లతో పట్టుకుంటే నేరుగా పోతోంది. బ్రేక్ తొక్కితే మాత్రం కొంచెం ఎడమకి లాగుతోంది. అది డ్రమ్ముల సంగతి, స్టీరింగ్‌ది కాదు. వచ్చే నెల అన్న చూస్తానన్నాడు.

ప్లేటు వేసిన చోట రంగు వేయొద్దని, ఉత్త గ్రీజు పూసి ఉంచమని అన్న చెప్పాడు. చీలిక మళ్లీ మొదలైతే గ్రీజు మీద తుప్పు గీత కనపడుతుందట. మామ ప్రతి ఆదివారం తుడిచి చూస్తున్నాడు. 6.00-16 టైర్లు దొరకడానికి మూడు వారాలు పట్టింది. తీసేసిన వెడల్పు టైర్లు, రిమ్ములు కొట్టంలో పడున్నాయి. రాయచోటి నుంచి ఒక కుర్రాడు రెండుసార్లు వచ్చి అడిగినాడు, తన జీపుకి వేసుకుంటాడంట. మామ ఇయ్యలేదు. వాటి మీద ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి.